ఎక్కడ పడేసినా బతుకుతాడు

పిండి ముద్దను బల్ల మీద వేసి లోర్నా పెనర్ రెండు అరచేతులతో అదిమింది. గాలి పోయి అణిగిన పిండి మళ్లీ నెమ్మదిగా లేచింది. దాన్ని కర్రతో వెడల్పుగా ఒత్తి, వెన్న పూసి, బెల్లంరంగు చక్కెరా దాల్చినచెక్క పొడీ చల్లి, చాప చుట్టినట్టు చుట్టింది. తర్వాత ఒక దారం తీసుకుని చుట్ట కిందుగా పోనిచ్చి, పైన రెండు కొసలూ పట్టుకు లాగుతూ ముక్కలు కోసింది. కత్తితో కోస్తే పొరలు నలిగిపోతాయని ఆమె నమ్మకం. వేళ్ల కణుపులు లావెక్కి పెళ్లి ఉంగరం పట్టక, దాన్ని గొలుసుకు గుచ్చి మెడలో వేసుకుంది. వంగినప్పుడల్లా అది బయటికి వచ్చి ఊగుతుంది. మోచేత్తో దాన్ని లోపలికి తోసుకుంటూ ఆమె పని కానిచ్చింది.

హార్లన్‌లో ఆమె పనిచేసే కో-ఆప్ దుకాణం తెరిచే వేళకి బన్నుల వాసన పెట్రోలు బంకు దాకా వెళ్లాలి. అలా వెళ్లని రోజు లేదు. భర్త ఏబ్ చనిపోయిన వారం కూడా, మూడు రోజులు ఇంట్లో ఉండి నాలుగో రోజు వచ్చేసింది. ఏబ్ పంచాయతీ రోడ్ల మీద మంచు తీసే బండి నడిపేవాడు. వాళ్లకి పిల్లల్లేరు. అతను పోయాక ఇల్లు మరీ పెద్దదైపోయిందనిపించి, కింది గదిలో మంచు మీద ఆడే హాకీ జట్టు పిల్లల్ని పెట్టుకోవడం మొదలుపెట్టింది. పదహారేళ్లకే ఇల్లు వదిలి దూరాల నుంచి వచ్చే ఆటగాళ్లను ఊళ్లో వాళ్ల ఇళ్లలో ఉంచడం మా దగ్గర మామూలే. కొందరు ఒక్క చలికాలం ఉండి పోతారు, కొందరు పెళ్లి శుభలేఖలు పంపుతారు. కీగన్ లఫోండ్ ఉత్తరాన గనుల ఊరి నుంచి వచ్చి ఇది నాలుగో చలికాలం.

ఈ పొద్దున కూడా ఆమె పనికి బయల్దేరే ముందు వాడి ట్రక్కును చూసి వచ్చింది. రాత్రి చలికి ఇంజను గడ్డకట్టకుండా బండికి కరెంటు తీగ తగిలించి ఉంచాలి. కీగన్ మంచు మీద అంత చురుగ్గా కదిలే మనిషే గానీ ఈ ఒక్క సంగతి మాత్రం ఎప్పుడూ మరచిపోతాడు. నాలుగేళ్లుగా తీగ తగిలించేది ఆమే. వాడికి ఆ సంగతి తెలుసో తెలియదో ఆమె ఎప్పుడూ అడగలేదు.

తలుపు తెరవగానే కిటికీ పక్క బల్ల నిండిపోయింది. కనుబొమల మీద మంచు కరుగుతుండగా గార్త్ వచ్చాడు. ధాన్యం గోదాములో పనిచేసి రిటైరైన మనిషి, గొంతు ఇంకా గోదాములో ఉన్నట్టే ఉంటుంది. వెనకే మంగలి హెక్టర్. ఇద్దరికంటే ముందే వచ్చి మంచి కుర్చీ పట్టేసిన డెల్ఫీన్, బడి ఆఫీసులో పనిచేసి ఊళ్లో సగం మంది చెవులు మెలిపెట్టిన మనిషి. ముగ్గురికీ మా జట్టు పిచ్చి. జట్టు పేరు గీస్, ఊళ్లో అందరూ బాతులంటారు. ఈ ఏడాది బాతులు వరసగా ఓడుతున్నాయి. అలా ఓడే జట్టు అభిమానులకి మిగిలేది రేపటి మీద ఆశే. మే నెలలో లీగు జట్లన్నీ కూర్చుని ఊరూరా ఆడే పద్నాలుగేళ్ల పిల్లల్ని వంతులవారీగా ఎంచుకుంటాయి, దాన్నే డ్రాఫ్ట్ అంటారు. దానికి ఇంకా నాలుగు నెలలుంది. అయినా ఆ బల్ల దగ్గర డ్రాఫ్ట్ రోజూ జరుగుతూనే ఉంటుంది.

"డిర్క్‌సన్ పిల్లాణ్ణి వదులుకుంటే మనంత తెలివితక్కువ వాళ్లు ఉండరు," అన్నాడు హెక్టర్. "పద్నాలుగేళ్లకే గుమ్మానికి తల తగుల్తోంది."

"ఎత్తుదేముందిలేవోయ్. నా గోదామూ ఎత్తే. తీసుకొచ్చి గోలు ముందు నిలబెడదామా?"

"నీ గోదాము కదలదు గార్త్, వాడు కదుల్తాడు. పాదాలు చూశావా? ఇంకా పెరుగుతాడు. వాళ్లమ్మ కూడా మంచి పొడుగు. పిల్లాడి ఎత్తు తల్లిని చూసి చెప్పాలి."

"అయితే నువ్వు టోర్నమెంటుకి వెళ్లింది వాళ్లమ్మని చూడ్డానికన్నమాట," అంది డెల్ఫీన్, కప్పులోంచి తల ఎత్తకుండానే.

గార్త్ బల్ల గుద్ది నవ్వాడు. పెళ్లిచూపుల్లో కూడా ఇంత చూడరు. పిల్లాడి నడక, చూపు, పలువరస, అన్న ఎందుకు ఆట మానేశాడు, తండ్రి రిఫరీ మీద అరిచే రకమా కాదా, అన్నీ ఆ బల్ల మీద పరిచి తిరగేస్తారు. ఆ పిల్లవాడు ఎక్కడో తొమ్మిదో తరగతి లెక్కలతో కుస్తీ పడుతూ ఉంటాడు, పాపం.

"కావాలంటే సరిపోయిందా? మన మొదటి వంతు ఎప్పుడో వేరే జట్టుకి ఇచ్చేశాం," అన్నాడు గార్త్. "కొండల అవతలి జట్టు దగ్గర వంతు ఉంది. వాళ్లకి ఈ ఏడే కప్పు కొట్టాలని ఆరాటం. గోల్స్ కొట్టే పెద్దవాణ్ణి ఇస్తే చాలు, వంతు మన చేతిలో పెడతారు. ఆటగాళ్ల మార్పిడికి ఇవాళే ఆఖరు."

"పెద్దవాడంటే మనకున్నది ఒక్కడేగా," అని హెక్టర్ మధ్యలో ఆగిపోయాడు. కాఫీ కూజాతో లోర్నా పక్కనే నిలబడి ఉంది.

"నోరు మూసుకుని బన్ను తినవయ్యా," అంది డెల్ఫీన్.

లోర్నా నవ్వింది. "కీగన్ని ఇచ్చేస్తే గోల్స్ ఎవరు కొడతారు హెక్టర్? నువ్వా? ముందు ఆ మోకాలు సంగతి చూసుకో."

అందరూ నవ్వారు. ఆమె కౌంటరు వెనక్కి వచ్చి కూజాను పొయ్యి మీద పెట్టింది. పెట్టాక గుర్తొచ్చింది, గార్త్ కప్పులో కాఫీ పొయ్యనే లేదని.

గుర్తొచ్చింది అదొక్కటే కాదు. కిందటి వారం ఇదే కౌంటరు ముందు కర్ట్ నిలబడి ఉన్నాడు. బాతుల మేనేజరు అతను. ఎవరిని తేవాలో ఎవరిని పంపాలో తేల్చేది అతనే. రోజూ వస్తాడు, ఆ బల్ల గొడవంతా వింటాడు, ఏమీ అనడు. ఆ రోజు మాత్రం కాఫీ కలుపుకుంటూ, "లోర్నా, నువ్వు చెప్పు. డిర్క్‌సన్ కుర్రాడు ఎలాంటివాడు?" అని అడిగాడు.

ఇన్నేళ్లలో ఆమెను ఎవరూ ఆ మాట అడగలేదు. చక్కెర ఎక్కడుంది అని అడుగుతారు, బన్నులు అయిపోయాయా అని అడుగుతారు. లోర్నా చేతులు తుడుచుకుంది. క్రిస్మస్ టోర్నమెంటులో క్యాంటీను చూసుకున్నది ఆమే. ఓడిపోయి ఏడుస్తున్న గోల్‌కీపరు సామానంతా తన భుజానికి ఎత్తుకుని, ఒక్క మాట మాట్లాడకుండా వాడి పక్కనే బస్సు దాకా నడిచిన ఆ పొడుగు పిల్లవాణ్ణి చూసింది. అదంతా చెప్పింది. చెబుతున్నకొద్దీ గొంతు పెరిగింది, బల్ల దగ్గర వాళ్లు కూడా తిరిగి చూశారు. ఆ చూపు ఆమెకి బాగుంది.

"వాణ్ణి వదులుకున్నావో, పదేళ్లు ఏడుస్తాం కర్ట్. ఏం ఇచ్చయినా సరే, తెచ్చుకో."

"ఏం ఇచ్చయినా?"

"ఏం ఇచ్చయినా."

కర్ట్ తలూపి కప్పుకి మూత పెట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, "కీగన్ ఎలా ఉన్నాడు?" అన్నాడు, మాటవరసకి అడిగినట్టే.

వాడి మాట వస్తే ఆమెకి ఒళ్లు తెలియదు. వచ్చిన కొత్తలో స్నానాలగదిలో కుళాయి తిప్పి ఏడ్చేవాడు. మీరు, మిసెస్ పెనర్, అంటూ రెండో ముద్ద పెట్టుకోవడానికి మొహమాటపడేవాడు. ఇప్పుడు నువ్వంటాడు, లోర్నా అంటాడు, ఇంట్లో వేడి ఆగిపోతే కింద దూరి బాగుచేస్తాడు. "వాడికేం? మగాడయ్యాడు. ఎక్కడ పడేసినా బతుకుతాడు," అంది. ఎంతో గర్వంగా అంది.

ఇవాళ కర్ట్ పొద్దున కాఫీకి రాలేదు. లోర్నా ఒకటికి రెండుసార్లు తలుపు వైపు చూసింది. మంచులో ఎక్కడో కారు ఆగిపోయి ఉంటుందనుకుంది. రెండో విడత బన్నులు పొయ్యిలోంచి తీస్తుండగా వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. బల్ల వైపు చూడలేదు, సూటిగా కౌంటరు దగ్గరికి వచ్చాడు.

"బయట ఎవరో చెప్పకముందే నీకు చెప్పాలని వచ్చాను," అన్నాడు.

లోర్నా చేతిలో పళ్లెం పట్టుకునే నిలబడింది. వేడి గుడ్డలోంచి వేళ్లకు తగులుతోంది.

"కీగన్‌కి చెప్పావా?"

"ఇప్పుడే. వెలుతురుండగానే బయల్దేరాలి. రేపు సాయంత్రం అక్కడ ఆట ఉంది." కర్ట్ ఒకసారి దగ్గాడు. "మంచి జట్టు లోర్నా. కప్పు కొట్టినా కొడతారు. వాళ్ల మేనేజరు ముందు నసిగాడు. సీజను మధ్యలో తెస్తే కొత్తచోట కుర్రాడు కుదురుకుంటాడా అని. నువ్వన్న మాట చెప్పాను. ఇంట్లో పెట్టుకున్నావిడే అంటోంది, ఎక్కడ పడేసినా బతుకుతాడని. దాంతో ఒప్పుకున్నాడు."

ఆమె పళ్లెం దించింది.

"డిర్క్‌సన్ మనవాడైతే, వాడు ఇక్కడ ఆడటానికొచ్చిన ఏడు నీ ఇంట్లోనే పెడతాను. నువ్వు సరేనంటేనే."

"కాఫీ కావాలా?" అంది లోర్నా.

కర్ట్ చెడ్డవాడేం కాదు. ఓడిపోతున్న జట్టును నిలబెట్టాల్సిన వాడు, అదే చేశాడు. ఊరంతా అదే అడిగింది. లోర్నా కూడా అదే అడిగింది. మిగతా అందరికీ వెల ఏమిటో తెలుసు, తెలిసే అడిగారు. ఆమెకి మాత్రం ఏం ఇచ్చయినా అన్న మాటలో తన కింది గది ఉంటుందని తట్టలేదు. అది తట్టనంత సంబరంలో ఉంది ఆ రోజు. ఇప్పుడు తలుచుకుంటే ఆ సంబరానికే సిగ్గేసింది.

కర్ట్ వెళ్తూ బల్ల దగ్గర ఒక్క క్షణం ఆగి సంగతి చెప్పాడు. "మొదటి వంతు మనదే!" అని గార్త్ కుర్చీలోంచి లేచాడు. హెక్టర్ చప్పట్లు కొట్టబోయాడు. అంతలో ఇద్దరూ కౌంటరు వైపు చూశారు. గార్త్ కూర్చుని, ఖాళీ కప్పును ఊరికే తిప్పుతూ ఉండిపోయాడు.

డెల్ఫీన్ లేచి వచ్చి లోర్నా నడుము వెనక ముడి విప్పింది. ఏప్రన్ తీసి తను కట్టుకుంది.

"నువ్వు ఇంటికి వెళ్లు. బన్నులు నేను అమ్మలేనా ఏమిటి? చిల్లర లెక్క తప్పితే గార్త్ మీద వేస్తాను. వెళ్లవే!"

ఇంటి ముందు ట్రక్కు వెనక భాగం అప్పటికే సగం నిండింది. రెండు పెద్ద సంచులు, హాకీ కర్రల కట్ట, బస్సు ప్రయాణాలకు వేసుకునే ఒకే ఒక్క సూటు హ్యాంగరుకు. నాలుగేళ్ల కాపురం ఇంతేనా అనిపించింది. కీగన్ మెట్లెక్కి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, చలికే అన్నట్టు ముక్కు తుడుచుకున్నాడు.

"దుప్పట్లు తీసి ఉతకడానికి వేశాను లోర్నా. మెషిన్లో ఉన్నాయి."

"ఎవరు ఉతకమన్నారు నిన్ను?"

ఆమె చలిపెట్టె తెరిచి, ఆదివారాలకని చేసి దాచిన వరెనికె సంచి తీసింది. జున్ను కూరి కజ్జికాయల్లా మడిచిన ఆ పిండివంటంటే వాడికి ప్రాణం. పేపరు చుట్టింది, ఇంకో పేపరు చుట్టింది. చలిలో వెళ్లే బండిలో కరిగేదేమీ లేదని తెలిసి కూడా మూడోది చుట్టింది.

"కర్ట్ చెప్పాడు, నువ్వేమన్నావో," అన్నాడు కీగన్.

లోర్నా చేతులు ఆగిపోయాయి.

"తన కార్లో తీసుకెళ్లి, ఆఫీసులో కూర్చోబెట్టి ఏదేదో చెప్పాడు, నాకేం ఎక్కలేదు. ఇన్నేళ్లు ఆడించుకుని ఎవడో పిల్లాడి కోసం పారేస్తున్నారనిపించింది. ఏడుపొచ్చేసింది. అప్పుడు చెప్పాడు, ఎక్కడ పడేసినా బతుకుతాడని లోర్నా అంది అని." వాడు టోపీ అంచు లాక్కున్నాడు. "నా గురించి ఎవరూ అలా అనలేదు. మా నాన్న కూడా అనలేదు. దార్లో అదే అనుకుంటూ వెళ్తాను."

నిన్ను పంపడానికి అనలేదురా, నా నోరు పడిపోను, నిన్ను అడుగుతున్నాడని తెలిస్తే ఇంట్లో వేడి ఆగిపోతే చూసేవాడు లేడని చెప్పేదాన్ని, ఇంకా చిన్నవాడే అని చెప్పేదాన్ని. ఇదంతా ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. వాడు ఆమె మొహంలోకి చూస్తున్నాడు. ఆ మాట తప్ప వాడు ఈ ఊరి నుంచి పట్టుకెళ్తున్నది ఏమీ లేదు.

"ఉన్నమాటే కదా అన్నాను," అంది లోర్నా. "గుండీలు పెట్టుకో. మెడ చూడు, ఎలా తెరుచుకుని ఉందో."

వాడు వంగి ఆమెను గట్టిగా పట్టుకున్నాడు. మెడలోని ఉంగరం ఇద్దరి మధ్య నొక్కుకుంది. తర్వాత వాడు బయటికి వెళ్లి, బండి ముందు వంగి ఒక్క క్షణం ఆగాడు.

"రోజూ ఇది నువ్వే తగిలిస్తావని నాకు తెలుసు," అన్నాడు తల ఎత్తకుండా. "మరచిపోయి కాదు. పొద్దున లేచి చూస్తే నువ్వొచ్చి పెట్టి వెళ్లినట్టుండేది. అందుకని వదిలేసేవాణ్ణి."

తీగ ఊడదీసి పక్కన పడేసి బండెక్కాడు. ఇంజను మొదటిసారికే అందుకుంది. వీధి చివర ఎర్ర దీపాలు ఒకసారి వెలిగి, హైవే వైపు తిరిగిపోయాయి.

లోర్నా కాసేపు మెట్ల మీదే ఉంది. లోపల బట్టల మెషిన్ తిరగడం ఆగింది. డెల్ఫీన్‌కు ఫోన్ చెయ్యాలనుకుంది, దుప్పట్లు ఆరెయ్యాలనుకుంది, రెండూ చెయ్యలేదు. బండి నిలబడ్డ చోట నేల నల్లగా, ఇంకా కొద్దిగా తడిగా ఉంది. గోడలోంచి వచ్చిన నారింజ రంగు కరెంటు తీగ ఆ నల్లటి మేర దాటి, దేనికీ తగలకుండా, కొస మంచులో పెట్టుకుని పడి ఉంది.