పేరుకే ఓపెన్

చెవుల ఆసుపత్రిలో కంప్యూటర్ల పని చూసే ఆమెకి ఓ బాధ్యత అప్పజెప్పారు. వినికిడి మిషన్లను ఒక్కొక్కరి చెవికి తగ్గట్టు సరిచేసే సాఫ్ట్‌వేర్ ఒకటి కొత్తగా తీసుకోబోతున్నారు. ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచిందేనని, దాన్ని తయారుచేసిన కంపెనీ ఒకటే ఊదరగొడుతోంది. అది నిజమో కాదో ఆమె తేల్చి చెప్పాలి. దాన్ని మొదట రాసింది ఆ కంపెనీలో పనిచేసే ఆమె తమ్ముడే. ఆ సంగతి ముందే చెప్పినా, నీకంటే తెలిసినవాళ్ళు ఇక్కడెవరున్నారని పెద్ద డాక్టరు కొట్టిపారేశారు.

లైసెన్సుకి వంక పెట్టడానికి లేదు. కోడ్ నెట్‌లో ఉంది. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఆమె దించుకుని నడిపి చూసింది. తీరా చెవికి తగిన లెక్క కట్టే దగ్గరికొచ్చేసరికి అది కంపెనీ సర్వర్‌ని అడిగింది. అక్కణ్ణుంచి జవాబు రాకపోతే ముందుకు కదలదు. ప్రాణమంతా అక్కడే దాచుకున్నారు. తప్పులు దిద్ది బయటివాళ్ళు పంపిన మార్పులు కోడ్ పెట్టిన పేజీలో ఏళ్ల తరబడి పలకరించే దిక్కు లేక పడి ఉన్నాయి. సర్వర్ సంగతేమిటని ఆమె ఆ పేజీలోనే అందరికీ కనబడేలా అడిగితే, సాయంత్రానికి ఆ ప్రశ్నే మాయమైంది.

ఆదివారం తమ్ముడి ఇంటికి వెళ్ళింది. మరదలు టీ ఇచ్చి, పిల్లని తీసుకుని లోపలికి పోయింది. వాడు చాలాసేపు లైసెన్సు గురించే చెప్పుకొచ్చాడు.

"నా ప్రశ్న తీసేసింది నువ్వేనా?" అంది.

వాడు తల వంచుకున్నాడు. "తీసెయ్యమన్నారక్కా. తీసేశాను."

"పోనీ, రేపు నువ్వే ఏదైనా మార్చాలనుకుంటే?"

"నా చేతిలో ఏముంది? మీటింగులకి కూడా పిలవరు. పేరు మాత్రం నాదే ఉంచారు. నువ్వు ఉన్నది ఉన్నట్టు రాసెయ్యి," అన్నాడు.

రాసింది. ఆసుపత్రి వద్దనుకుంది. ఆమె మాట బయటికి పొక్కి మరికొన్ని ఆసుపత్రులూ వెనకడుగు వేశాయి. నెల తిరక్కుండా కంపెనీ నెట్‌లోంచి కోడ్ తీసేసి, సర్వర్‌ని కూడా డబ్బు కట్టనివాళ్ళకి మూసేసింది. ఉచితంగా వాడుకుంటున్న చిన్న క్లినిక్కులకి చేతులు విరిగినట్టయింది. వాళ్ళు ఆమెకే ఫోన్లు చేశారు.

తన దగ్గరున్న కాపీని ఆమె మళ్ళీ నెట్‌లో పెట్టింది. లైసెన్సు ఒప్పుకుంటుంది. కానీ సర్వర్‌లోనే ఉండిపోయిన ఆ లెక్క కట్టే భాగాన్ని మళ్ళీ రాయగలిగినవాడు తమ్ముడొక్కడే. అలాంటిది ఇంకెక్కడా రాయనని వాడు కంపెనీకి సంతకం పెట్టిచ్చాడు.

ఓ రోజు వాడొచ్చి ఆమె కంప్యూటర్‌లో ఆ కోడ్ తెరిచి చూశాడు. ఆమె పక్కనే కూర్చుంది.

"అప్పట్లో బాగానే రాశాను," అని, ఒక్క అక్షరం కూడా చేర్చకుండా లేచి చెప్పులేసుకున్నాడు.