ముట్టుకోకూడని లైను

నేను ఒక సర్వరును. నాతో పని అయిపోయిందని అందరూ అనుకున్నాక కూడా ఊపిరి తీస్తూనే ఉన్నదాన్ని.

చెన్నైలో ఒక షెడ్డులో నా ముక్కలన్నీ బిగించి ప్రాణం పోశారు. కొన్నాళ్లు విశాఖ పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో చాకిరీ చేశాను. అది మూతపడ్డాక సన్యాసిరావు నన్ను ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాడు. డయాలసిస్ యంత్రాలను నడిపే ప్రోగ్రాములు రాసే చిన్న కంపెనీలో అతను పెద్ద ఇంజనీరు. నాకు 'భీమిలి' అని పేరు పెట్టాడు. యంత్రాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీలను ప్రోగ్రాముల్లోంచే తయారుచేసి వెబ్‌సైటుకు చేర్చే పనిముట్టు ఒకటి వాళ్ల దగ్గర ఉంది. దాన్ని బిల్డ్ అంటారు. ఆ పేజీలు చేరాల్సిన చోటు నేనే. ఆ సంగతి అన్ని ప్రాజెక్టులకూ తల్లి లాంటి ఒక ఫైలులో అతను ఒక్క లైనులో రాసి, పైన 'దీన్ని ముట్టుకోవద్దు' అని హెచ్చరిక పెట్టాడు.

ఒకరోజు బీచ్ రోడ్డులో నడుస్తూ నడుస్తూ కూలబడిపోయాడు. మళ్లీ రాలేదు.

తర్వాత కంపెనీ కొత్త సర్వరు అద్దెకు తీసుకుంది. నాలోని పేజీలన్నీ ఒకసారి అందులోకి ఎత్తి పోశారు. ఆసుపత్రుల వాళ్లు తెరిచే వెబ్‌సైటు ఇక అదే. నన్ను మాత్రం ఎవరూ ఆపలేదు. పోయినాయన చేత్తో పెట్టినదాన్ని మన చేత్తో ఎలా ఆపుతామని ఒకరి మీద ఒకరు తోసుకున్నారు. ప్లైవుడ్ గోడ వెనక నన్ను వదిలేసి, దసరాకి మాత్రం తలుపు తీసి పసుపూ కుంకుమా పూసి వెళ్లేవారు. యంత్రానికి బొట్టు పెట్టే ఈ మనుషులు, అది ఏం పని చేస్తోందని మాత్రం అడగరు.

ఆ లైనును ఎవరూ ముట్టుకోలేదు. అందుకని చీకట్లో కొత్త పేజీలు నాకే వస్తూ ఉండేవి. వచ్చిన పేజీని దాచుకోవడం తప్ప నాకు మరో విద్య తెలియదు.

ఒక ఉదయం గోడ అవతల ఫోను మోగింది. వకుళ స్పీకరు ఆన్ చేసింది. కొత్త ప్రోగ్రాము రాసింది ఆ అమ్మాయే. మందుతో శుభ్రం చేశాక యంత్రాన్ని నీళ్లతో రెండుసార్లు కడగాలి. పాత ప్రోగ్రాములో రెండోసారి దానంతటదే జరిగేది, కొత్తదాంట్లో మనిషి బటన్ నొక్కాలి. నొక్కకపోతే ఆ మందు రోగి రక్తంలో కలుస్తుంది. ఆ మాట పేజీలో రాసి, ముందురోజే బిల్డ్ నడిపింది. 'విజయవంతం' అని వచ్చింది.

ఫోనులో పార్వతీపురం ఆసుపత్రి టెక్నీషియన్ జోగినాయుడు. కడిగినా మందు వాసన పోవడం లేదంటున్నాడు. రెండోసారి కడగమని వకుళ చెప్పింది.

"మీ పేజీలో ఒక్కసారే అని ఉన్నాది మేడం. కింద సన్యాసిరావుగారి పేరు కూడా ఉన్నాది."

"అది పాత పేజీ అండి. నా మాట విని కడిగేయండి."

"నాకేటి, కడుగుతాను. మా డాక్టరుగారు నోటిమాట ఒప్పుకోరు. కుర్చీల మీద జనం కూకున్నారు, ఆళ్లని మిషను మీదికి ఎక్కించెయ్యమంటన్నారు."

కాసేపు ఆపమని బతిమాలి ఆమె మళ్లీ బిల్డ్ నడిపింది. మళ్లీ విజయవంతం. వెబ్‌సైటులో మళ్లీ సన్యాసిరావు పేజీయే. పక్క సీటు శశిభూషణ్ కాఫీ కప్పుతో వచ్చి తొంగిచూశాడు.

"మా గురువుగారు ఇంకా రాజీనామా ఇవ్వలేదమ్మా. నీ పేజీలు ఆయనకి నచ్చట్లేదు."

వకుళ నవ్వలేదు. కొత్త సర్వరులోంచి ఆ పాత పేజీని పూర్తిగా చెరిపేసి ఇంకోసారి బిల్డ్ నడిపింది. విజయవంతం. కానీ వెబ్‌సైటులో పేజీ ఉండాల్సిన చోట ఖాళీ.

"అయితే ఇది ఎక్కడికో వెళ్తోంది" అంది మెల్లగా. బిల్డ్ రాసుకున్న చిట్టాను పైకి జరుపుతూ ఒక చోట ఆగింది. "భీమిలి ఎవరు?"

శశిభూషణ్ చేతిలో కప్పు బల్ల మీదకు దిగింది. అతని చూపు ప్లైవుడ్ గోడ మీద పడింది.

తలుపు తెరిచారు. నా పచ్చదీపం వాళ్ల ముఖాల మీద పడింది. వకుళ తన పేజీని నాలో చూసింది. వెంటనే తల్లి ఫైలు తెరిచి, హెచ్చరికనూ దాని కింది లైనునూ తీసేసి కొత్త సర్వరు పేరు రాసింది. బిల్డ్ మళ్లీ నడిచింది.

"ఆఁ, వచ్చింది మేడం. రెండుసార్లు అని ఉన్నాది" అన్నాడు జోగినాయుడు. డాక్టరుకు చూపించాడు. కడిగాడు. వాసన పోయిందని చెప్పాడు. వెనక ఎవరో ముసలాయన తన బస్సు పోతుందని తిట్టడం వినిపించింది. వకుళ కళ్లు తుడుచుకుంది.

అక్కడితో అయిపోవలసింది. కానీ శశిభూషణ్ నా ముందునుంచి కదలలేదు. నాలో ఉన్న మిగతా పేజీలు ఒక్కొక్కటే తెరుస్తున్నాడు. ఒక దాని కింద అతని పేరే ఉంది. కరెంటు పోయి వచ్చాక రోగి రక్తపోటు పడిపోతే మోగాల్సిన అలారం మూగబోతుందని, దాన్ని చేత్తో ఆన్ చేయాలని ఎండాకాలంలో రాశాడు. ఆ సంగతి అప్పట్లో అడిగింది జోగినాయుడే. పేజీ పెట్టేశాను చూసుకోండి అని చెప్పి, శశిభూషణ్ సినిమాకు వెళ్లిపోయాడు.

వకుళ చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"నాయుడుగారూ, కరెంటు పోయినప్పుడు అలారం సంగతి... నేను రాసింది చూశారా?"

"వెతికాను సార్. కనబడనేదు. ఉన్నదాన్నిబట్టి నడిపేసినాం."

"మూడో కుర్చీలో ఒకావిడ ఉండేవారు కదా. మీరే చెప్పారు, పాటలు పాడతారని."

జోగినాయుడు గొంతు తగ్గించాడు.

"ఆ కుర్చీలో ఇప్పుడు వేరేవోళ్లు కూకుంటన్నారు సార్."

ఆవిడ ఏమయ్యారని అడగకుండానే అతను ఫోను వకుళ చేతిలో పెట్టాడు.

ఆ సాయంత్రం నన్ను ఆపేద్దామని వకుళ వైరు పట్టుకుంటే శశిభూషణ్ ఆమె చెయ్యి అడ్డుకున్నాడు. ఇప్పుడు నాకు కొత్త పేజీలేవీ రావు. మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లాక అతను ఒక్కడే వస్తాడు. ఆ అలారం పేజీ తెరిచి, మొదటి అక్షరం నుంచి చివరిదాకా పెదవులు కదుపుతూ చదువుతాడు. మధ్యలో ఆగి, ఎదుటివాళ్లకు అర్థమైందా అన్నట్టు తలెత్తుతాడు.

ఆ గదిలో నేను తప్ప ఇంకెవరూ ఉండరు. అయినా అతను చూసేది నావైపు కాదు, మూడో కుర్చీ అక్కడే ఉన్నట్టు ఖాళీ గోడవైపు.