వరుణగిరి బందరు చేరింది

గుడివాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే శ్యామ్ సుందర్‌కి సొంతంగా ఒక రాజ్యం ఉండేది. దాని పేరు వరుణగిరి. బెంగుళూరు హాస్టల్లో నేర్చుకున్న ఒక ఆట కోసం దాన్ని తనే కల్పించుకున్నాడు. ఆ ఆటలో బల్ల చుట్టూ కూర్చుని ఒకరు ఒక లోకాన్ని వర్ణిస్తారు. మిగతావాళ్ళు ఆ లోకంలో దొంగో, వైద్యురాలో, కిరాయి సైనికుడో అయిపోయి తామేం చేస్తారో నోటితో చెబుతారు. తలపెట్టిన పని నెరవేరిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది, ఎంత పెద్ద అంకె పడితే అంత మేలు.

రెండువేల మూడు ఎండాకాలం నుంచి ఆదివారం మధ్యాహ్నాలు విక్రమ్ వాళ్ళ ఎరువుల షాపు మేడమీద ఆట సాగేది. విక్రమ్ ఆ షాపు చూసుకుంటాడు. ఐశ్వర్య రైల్వేస్టేషన్ దగ్గర ఇంటర్నెట్ సెంటర్ నడుపుతుంది. బందరులో స్కూలు టీచరుగా చేసే రెబెకా చర్చి అయ్యాక బస్సెక్కి వస్తుంది. కింద నుంచి ఘాటుగా పురుగుమందు వాసన వస్తున్నా ఎవరూ పట్టించుకునేవారు కాదు.

వర్షాకాలం వచ్చేసరికి విక్రమ్ ఆవలించడం మొదలుపెట్టాడు. ఐశ్వర్య రెండు వారాలు రాలేదు. అసలు సంగతి ఒకరోజు రెబెకా బయటపెట్టింది.

"కోపం తెచ్చుకోకండి సార్. కోట మీదే, రాజు మీవాడే, రాజద్రోహీ మీవాడే. మేం ఎటు తిరిగినా మీరు ముందే వేసిన దారిలోనే నడవాలి. ఆ ఊళ్ళో మాకంటూ ఏదైనా ఉంటే కదా ప్రాణం పెట్టి ఆడేది?"

శ్యామ్ సుందర్‌కి చివుక్కుమంది. కానీ ఆట ఆగిపోతుందన్న భయం అంతకంటే పెద్దది. ఇకనుంచి వారానికొకరు వరుణగిరికి ఏదో ఒకటి కలపవచ్చనీ, కలిపింది ఎప్పటికీ నిజంగానే ఉంటుందనీ ఒప్పుకున్నాడు.

మొదట రెబెకా ఒక రేవు పెట్టింది. ఏడుమెట్ల రేవు. అక్కడ చంద్రమ్మ అనే ఆమె పడవ నడుపుతుంది. కిరాయిగా డబ్బు పుచ్చుకోదు, ఎక్కినవాళ్ళు ఒక నిజం చెప్పాలి. విక్రమ్ కోట వెనక మడ అడవి మొలిపించాడు. అందులో బురద మీద పడిన అడుగు ఎన్నేళ్ళైనా చెరిగిపోదు. ఐశ్వర్య రాణికి ఒక చెల్లెల్ని పుట్టించింది.

బాగున్నాయి. శ్యామ్ సుందర్‌ని కుదురుగా ఉండనివ్వనిది కూడా అదే. ఊరికే ఎవరైనా ఇంత బాగా ఆలోచిస్తారా?

"అడుగులు చెరక్కపోతే నీకేంటి లాభం?" అని విక్రమ్‌ని అడిగాడు.

"లాభమేంటి మాస్టారూ? బాగుంటుందని."

"నా వేగులవాళ్ళని పట్టుకోడానికేగా?"

"మీకు వేగులవాళ్ళున్నారని ఇప్పుడే తెలిసింది," అని విక్రమ్ నవ్వాడు. శ్యామ్ సుందర్ నవ్వలేదు.

ఆ తర్వాత అతను మెట్లెక్కుతుంటే పైన మాటలు వినిపించేవి, గదిలో అడుగుపెట్టగానే ఆగిపోయేవి. ఒకసారి రెబెకా ఏదో అనబోతే ఐశ్వర్య బల్లకింద కాలితో తట్టడం చూశాడు. అనుమానం అతనికి కొత్త కాదు, ఎన్నో పరీక్ష హాళ్ళలో కాపలా కాసినవాడు. ఎవరి చూపు ఎటు పోతోందో పసిగట్టడం అలవాటైపోయింది.

కార్తీకమాసంలో కాలేజీ పనిమీద బందరు వెళ్ళాడు. తిరుగు బస్సులో ముందు సీట్లో ఇద్దరు కుర్రాళ్ళు, ఎన్నడూ చూడని ముఖాలు, వాదించుకుంటున్నారు.

"చంద్రమ్మకి అబద్ధం చెప్పి చూడాల్సిందిరా."

"చెప్తే నడి ఏట్లో దింపేస్తది. ఏడుమెట్ల రేవులో ఆవిడ మాటే చెల్లుద్ది."

శ్యామ్ సుందర్ ముందుకి వంగాడు. ఆ మేడమీది గదిలో తప్ప ఈ భూమ్మీద ఎక్కడా లేని రేవు అది. అడుగుదామనుకునేలోపు వాళ్ళు పెడనలో దిగిపోయారు. ఇల్లు చేరేదాకా ఒకటే ఆలోచన. రాజ్యాన్ని ఎవరో ఎత్తుకుపోయారు. రెబెకా ఎత్తుకుపోయింది. మిగతా ఇద్దరికీ తెలుసు.

ఆ ఆదివారం సూటిగా అడిగేస్తే సరిపోయేది. అతను అడగలేదు. వాళ్ళని ఏడుమెట్ల రేవుకి నడిపించి, ఆటలో వైద్యురాలైన రెబెకాతో చంద్రమ్మ గొంతుతో తనే మాట్లాడాడు.

"ఎక్కు వైద్యురాలా. ఒక నిజం చెప్పు. ఈ గుంపుకి తెలియకుండా నీకు వేరే గుంపు ఉందా?"

రెబెకా మిగతా ఇద్దరివైపూ చూసింది. "నాకు చీకటంటే భయం. ఇదీ నిజమే," అంది.

"నేనడిగింది అది కాదు."

"ఏ నిజం చెప్పాలో ఎంచుకునేది ఎక్కినవాళ్ళు సార్. చంద్రమ్మ అలా గుచ్చి అడగదు."

శ్యామ్ సుందర్ పుస్తకం అడ్డం పెట్టుకుని పాచిక వేశాడు. చూసి, వెంటనే జేబులో వేసుకున్నాడు. "సుడిగుండం. పడవ తిరగబడింది. మీరు ఈదుకుంటూ ఒడ్డుకి చేరారు. చంద్రమ్మ మునిగిపోయింది."



"ఎంత పడింది?" అంది ఐశ్వర్య. అతను పుస్తకం మూసేశాడు. రెబెకా బ్యాగు భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుని మెట్లు దిగిపోయింది.

వారం మధ్యలో విక్రమ్ కాలేజీ గేటు దగ్గరికి వచ్చాడు. "శనివారం మధ్యాహ్నం బందరు వెళ్దాం మాస్టారూ. రెబెకా గారింటికి."

"ఎందుకు? నలుగుర్లో నన్ను నిలబెట్టి కడగడానికా?"

"మీకు అన్నీ అలాగే కనపడతాయా?" అన్నాడు విక్రమ్ విసుగ్గా. "వస్తే రండి, లేకపోతే లేదు."

రానన్నాడు. శనివారం మాత్రం విక్రమ్ కంటే ముందే బస్టాండులో ఉన్నాడు.

రెబెకా తల్లి ధనమ్మ తలుపు తీసింది. "గుడివాడ మాస్టారా? రండి బాబూ. ఏవో యుద్ధాలంట, పొద్దున్నుంచీ ఒకటే గోల," అంటూ పెరటి వసారాలోకి తీసుకెళ్ళింది. చాప మీద అయిదారుగురు గుండ్రంగా కూర్చున్నారు. బస్సులో కనపడిన కుర్రాళ్ళిద్దరూ వాళ్ళలో ఉన్నారు. మధ్యలో రెబెకా చేతులు తిప్పుతూ వరుణగిరి గురించి చెబుతోంది. అతన్ని చూసి ఆగింది. కుర్రాళ్ళు గబుక్కున లేచి నిలబడ్డారు.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాడు శ్యామ్ సుందర్.

"దసరా నుంచి. వీళ్ళంతా మా చర్చి వాళ్ళు, మా వీధి వాళ్ళు. ఊరికే ఒక్కసారి చెప్పి చూశాను, ఇక వదల్లేదు."

"నాతో ఒక్క మాట అనాలనిపించలేదా?"

"అంటే ఒప్పుకునేవారా?"

ఒప్పుకునేవాణ్ణే అనబోయాడు. అది అబద్ధమని తనకే తెలుసు. అవతల విక్రమ్ ధనమ్మ ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని, తాగకుండా అతని ముఖంలోకే చూస్తున్నాడు.

"పడవ మునగలేదు," అన్నాడు శ్యామ్ సుందర్. "పద్దెనిమిది పడింది. అంత పడితే సుడిగుండం దాటిపోవాలి. ఒళ్ళు మండి ముంచేశాను."

కుర్రాళ్ళలో ఒకడు రెబెకా వంక ఆత్రంగా చూశాడు. "అయితే చంద్రమ్మ అక్కడ కూడా బతికే ఉందా టీచర్?"

"సారే చెప్పాలి," అంది రెబెకా. ఆమె గొంతు ఇంకా పూర్తిగా మెత్తబడలేదు.

"ఉంది," అన్నాడతను. "మీరు పెట్టిన మనిషి. తీసేయడం నా పని కాదు."

రెబెకా కాస్త జరిగి చాప మీద చోటిచ్చింది. అతను మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. తను గీసిన కొండలే, తను పేర్లు పెట్టిన వీధులే. కానీ ఎవరో సంతకి గాజులమ్మే వాళ్ళని తెచ్చారు, ఎవరో కోట గోడకి తేనెపట్టు పెట్టించారు. రాజుగారికి ఇక్కడ నత్తి ఉందట. అది వినగానే అతనికి పెద్దగా నవ్వొచ్చింది. ఆ రాజుని ఇన్నాళ్ళూ పెంచాడు కానీ ఆయన ఎలా మాట్లాడతాడో ఎప్పుడూ ఆలోచించలేదు.

"మీరెవరు సార్, ఈ ఆటలో?" అని అడిగాడు పక్కనున్న కుర్రాడు.

 శ్యామ్ సుందర్ కొత్త ఊరికొచ్చినవాడిలా చుట్టూ చూశాడు.

"వంటవాణ్ణి," అన్నాడు. "ఇవాళే పనిలో చేరాను. వంటిల్లు ఎటువైపో ఎవరైనా చెప్పండి."