మూడు దెబ్బలు

అయిదో వీధి మొదట్లో అతను మోకాళ్ల మీద కూర్చుని, నీళ్ల వాల్వు గుంట ఇనుప మూతకు చెవి ఆనించాడు. లోపల ఏ చప్పుడూ లేదు. మూత తీసి, పొడుగాటి ఇనుప కీ లోపలికి దించి, వాల్వు తిప్పడం మొదలుపెట్టాడు. ముప్ఫై రెండు చుట్లు. తిప్పి తిప్పి అతని కుడి భుజం ఎడమ దానికన్నా లావెక్కింది.

ఇరవై ఆరేళ్లుగా పని ఇదే. వీధి వీధికీ నీళ్లు వదలడం, అరగంట తర్వాత వచ్చి కట్టేయడం. ఊరంతా అతన్ని కీ బాబాయి అంటుంది. అసలు పేరు జీతాల గుమాస్తాకైనా గుర్తుందో లేదో! మూత తీసేముందు కీతో దానిమీద మూడు దెబ్బలు కొట్టేవాడు. మొదట్లో ఎలుకలూ తేళ్లూ తప్పుకుంటాయని కొట్టాడు. పోనుపోను ఆ చప్పుడుకే ఇళ్లలో బకెట్లు కదిలేవి.

ఈ కొత్తరకం తేనెటీగలు వచ్చాక అది కాస్తా పోయింది. రేవులో దిగిన దుంగలతో వచ్చాయని కొందరన్నారు. రెండేళ్లలో ఊరంతా వాటిదే అయింది. చూడ్డానికి పాతవాటిలాగే ఉంటాయి. పాతవి పదడుగులు తరిమి పోనీలెమ్మని వెనక్కి తిరిగేవి. ఇవి మూడు వీధులు తరుముతాయి. చప్పుడంటే వాటికి ఒళ్లు మంట. చీకటిగా ఉండే వాల్వు గుంటలంటే ప్రాణం. కిందటి నెల పక్కపేటలో మీటర్లు చూసే మనిషిని చంపేశాయి. మూతల మీద కొట్టవద్దని ఆఫీసువాళ్లు కాగితం అంటించారు. భార్య కాగితాన్ని నమ్ముకోలేదు. అతని చెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టుకుంది.

"కొట్టనని ఒట్టెయ్యండి. మీ చేతులు ఊరుకోవని నాకు తెలుసు."

"వేశాను కదే! ఇంక టీ ఇస్తావా, ఇవ్వవా?"

పదకొండు రోజులు మాట నిలబెట్టుకున్నాడు. కానీ మనసు ఒప్పుకోలేదు. చడీచప్పుడు లేకుండా నీళ్లు వదులుతుంటే దొంగతనం చేస్తున్నట్టుందని ఆమెతోనే అన్నాడు.

ఆరో వీధిలో గుంట మూత రెండు ముక్కలు. ఎదురింట్లో చూపు ఆనని పెద్దావిడ ఒక్కతే ఉంటుంది. ఈ పదకొండు రోజులూ నీళ్లొచ్చాయని ఆమె తలుపు తట్టి మరీ చెబుతున్నాడు. గుంటలో ఉన్న తేనెపట్టును నాలుగు రోజుల కిందటే ఆఫీసు మనుషులు వచ్చి తీసేశారు. మైనం వాసన మిగిలితే కొత్త గుంపు చేరుతుందని వాళ్లు చెప్పలేదు. మూత ఒక ముక్క తీసి వాల్వు తిప్పాడు. రెండో ముక్క కింద కొత్త గుంపు పొద్దుటి చలికి కదలకుండా ఉంది.

"వచ్చావా నాయనా?" కిటికీలోంచి పెద్దావిడ పిలిచింది.

"వచ్చానమ్మా. నీళ్లు వదిలాను."

"నువ్వు తలుపు తడితే పోలీసులొచ్చారేమోనని గుండె దడ. ఆ మూడు దెబ్బలూ వినపడితే గానీ నాకు తెల్లారినట్టుండదయ్యా."

అతను నవ్వాడు. గుంట శుభ్రం చేసిందే కదా అనుకున్నాడు. కీ పైకి లాగి, మూసి ఉన్న ముక్క మీద మూడుసార్లు కొట్టాడు. పదకొండు రోజుల తర్వాత చేతికి ప్రాణం లేచివచ్చింది.

మూడో దెబ్బ మోత ఆగకముందే అవి పైకి లేచాయి. ఎదురింటి తలుపు ఓరగా తెరిచే ఉంది. నాలుగడుగులు వేస్తే చాలు. "కిటికీ వేసెయ్యమ్మా! తలుపు కూడా!" అని అరిచి, అతను వెనక్కి తిరిగి ఖాళీ స్థలం వైపు పరిగెత్తాడు. గోడ మలుపు దాకా వెళ్లగలిగాడు. ఆస్పత్రిలో ముళ్లు నాలుగువందల దాకా లెక్కపెట్టి వదిలేశారు. మధ్యాహ్నానికి పోయాడు.

మర్నాడు అతని భార్య పెద్దావిడ ఇంటికి వెనక దారిన వచ్చింది. ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"ఆయన కొట్టారా?"

పెద్దావిడ కాసేపు చీర చెంగు నలిపింది.

"లేదమ్మా. కొట్టలేదు" అంది.

ఆ గుంట దగ్గరికి రెండు రోజులు ఎవరూ పోలేకపోయారు. వాల్వు కట్టే దిక్కులేక ఆ వీధి కుళాయిలకు రాత్రీ పగలూ నీళ్లు వచ్చాయి. కీ మాత్రం మూసి ఉన్న మూతముక్క మీద అడ్డంగా పడి ఉంది. అతని అరచేతులు ఆనేచోట ఇనుము అరిగి నున్నగా ఉంది.