ఒక్క చేత్తో, కళ్ళు మూసుకుని

కుక్కర్ మొదటి కూత వేసింది. నేను స్టవ్ ముందు కళ్ళు మూసుకుని, కుడిచేతిని తొడ మీంచి మోకాలికి, అక్కణ్ణుంచి చీలమండకి జార్చి, పట్టీ కొస వెతికి లాగాను. చర్రుమని ఊడింది. నాలుగు అంకెలు లెక్కపెట్టేలోపే. నిన్న ఏడు పట్టింది.

"ఏటమ్మీ, కాలికి తాడు కట్టుకుని వొంట సేస్తన్నావు? మేకవేటి నువ్వు?" అంది మా అత్తగారు దొర్కమ్మ, గుమ్మంలోంచి.

"మీ మనవరాలిదే అత్తా. ఇప్పడం నేర్చుకుంటన్నాను."

"కట్టుకోడం మానీ. ఇప్పే పనే ఉండదు."

మా ప్రవీణ వైజాగులో డిగ్రీ చదువుతోంది. శనివారాలు సముద్రంలో అలల మీద బోర్డెక్కి నిలబడడం నేర్చుకుంటోంది. బోర్డు అక్కడే నేర్పేవాళ్ళ దగ్గర ఉంటుంది. సెలవులకి ఇక్కడికి, ఒడిశాలోని దామంజోడికి, వస్తూ ఈ తాడొకటి తెచ్చింది. లీష్ అంటారట. రబ్బరులా సాగుతుంది, నాకన్నా కాస్త పొడుగు. ఒక కొస బోర్డుకి, ఇంకో కొసనున్న మెత్తటి పట్టీ కాలికి. పడిపోతే బోర్డు కొట్టుకుపోకుండా, వెనకాల ఈదేవాళ్ళ తలలు పగలకుండా ఉండడానికి. కానీ ఆ తాడే నీళ్ళ అడుగున రాయికి పట్టేసిందంటే, అల బోర్డుని లాగుతుంది, బోర్డు కాలుని లాగుతుంది, నెత్తిమీద జానెడు నీళ్ళున్నా మనిషి పైకి రాలేదు. "అందుకే మొదటిరోజు కట్టడం కంటే ముందు ఇప్పడం నేర్పేరమ్మా. కంగారు పడకూడదు. తొడ మీంచి చెయ్యి జార్చుకుంటే నీళ్ళలో చీకటైనా పట్టీ దొరుకుతాది. తాడు పట్టెయ్యకపోతే, పైకొచ్చేటప్పుడు చేతులు రెండూ తలకి అడ్డం పెట్టుకోవాలి, సాగిన తాడు బోర్డుని మన మీదకే ఇసురుతాది" అని వాళ్ళ నాన్న లేనప్పుడు అన్నం తింటూ నాకు చెప్పింది. పోయిన నెల దాని స్నేహితురాలు ప్రసన్నలక్ష్మికి అలాగే రాయికి పట్టేసిందట. ఇప్పుకుని పైకొచ్చేసిందిలే అని నవ్వింది. నేను కంచంలో అన్నం వదిలేశాను.

డిస్పెన్సరీలో నర్సుని. ఇరవై ఏళ్ళుగా ఊపిరులు లెక్కపెట్టడమే నా ఉద్యోగం. దాని పక్కన నీళ్ళలో నేనుండను. ఆ పట్టీ ఇప్పడానికి ఎంతసేపు పడుతుందో తెలుసుకోవడం ఒక్కటే నా చేతిలో ఉన్న పని.

పట్టీ అరిగిపోయింది, ఊరికే ఊడిపోతోందని ప్రవీణ తండ్రికి చెప్పింది. మా ఆయన విమల్ కుమార్ ఫ్యాక్టరీలో ఫిట్టర్. "నాన్న ఉండగా నీకెందుకమ్మీ" అని దాన్ని డ్యూటీ సంచిలో పెట్టుకున్నాడు. ఆ మాట నేను పెళ్ళయిన కొత్తలో విన్నాను. నేనుండగా నీకెందుకు. స్కూటీ నేర్చుకుంటానంటే, నేనుండగా నీకెందుకు. బరంపురంలో మూడు నెలల ట్రైనింగుకి పేరిస్తానంటే, నేనుండగా ఆ హాస్టలు తిండి నీకెందుకు. అది ప్రేమేనని అందరూ అన్నారు. నేనూ అనుకున్నాను. మూడేళ్ళ కిందట ఒక కాన్పు కేసు ఆలస్యమై నేను చీకటిపడ్డాక ఇంటికొచ్చిన రోజు, నా ఫోనులో ఏదో పెట్టాడు. నేనెక్కడున్నానో అప్పట్నుంచి ఆయన ఫోనులో చుక్కలా కనిపిస్తుంది. "గేటు దగ్గర పదకొండు నిమిషాలేటి సేసేవు?" అని అడిగేవాడు, కోపంగా కాదు, అన్నం కలుపుకుంటూ. కొండమీంచి వచ్చిన ఆవిడ దగ్గర ఆకుకూర బేరమాడానని చెప్పేదాన్ని. ఆవిడ మనవడికి జ్వరమంటే నిలబడి విన్నానని చెప్పేదాన్ని కాదు. అంత వివరంగా నా రోజుని ఆయన ముందు పరచాలంటే సిగ్గుగా ఉండేది.

మర్నాడు మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చి లీష్ నా చేతిలో పెట్టాడు. అరిగిన పట్టీ లేదు. దాని బదులు మందపాటి బెల్టు, దానికో బోల్టు, బోల్టుకి రెండు నట్లు, ఒకదానిమీద ఒకటి బిగించి.

"ఏనుగు లాగినా ఊడదు," అన్నాడు. మొహం వెలిగిపోతోంది.

ప్రవీణ చర్చిలో పాటల ప్రాక్టీసుకి వెళ్ళింది. రేపు పొద్దున్నే దాని బండి.

"నీళ్ళలో దీన్ని ఎలా ఇప్పుతాదండీ?"

"ఇప్పడమెందుకు? ఇప్పకుండా ఉండడానికే కదా తాడు."

ఆయన అలా అనడానికి కారణం నాకు తెలుసు. మా పెళ్ళికి ముందు ఎక్కడో కాంట్రాక్టు పనిలో, నడుముకి కట్టుకున్న బెల్టు హుక్కు ఒక్క నిమిషం తీసి త్రినాథరావనే స్నేహితుడు ఆయన కళ్ళముందే పైనుంచి పడిపోయాడు. ఎత్తులో పనిచేసేవాడికి హుక్కు తియ్యడమంటే చావే. నీళ్ళ సంగతి ఆయనకెవరూ చెప్పలేదు. నేను చెప్పబోతే, "నీకు తెలీదు, ఊరుకో," అన్నాడు.

ఊరుకోవడం నాకు బాగా వచ్చు. కానీ ఈసారి కాలు నాది కాదు.

"ఒక్కసారి మీరు కట్టుకోండి," అన్నాను. "ఊపిరి బిగపట్టి, కళ్ళు మూసుకుని, ఒక్క చేత్తో ఇప్పండి. ఇప్పితే ఇంకేం అనను."

నవ్వుతూ వరండా మెట్టు మీద కూర్చుని కట్టుకున్నాడు. రెండో కొస నేను పట్టుకోబోతే మా అత్త వచ్చి లాక్కుంది. "నేను లాగుతాను. సముద్రం అంత నెమ్మదిగా ఉండదు," అని కొంగు బిగించింది.

నేను చేతి గడియారం చూస్తూ లెక్కపెట్టాను. పదికి ఆయన వేళ్ళు బోల్టు దొరకబుచ్చుకున్నాయి. అత్త తాడుని కుదిపి లాగుతోంది. ఇరవైకి పై నట్టు కూడా కదల్లేదు. ముప్ఫైకి మెడనరాలు ఉబ్బాయి, రెండో చెయ్యి దానంతటదే కిందికి వచ్చింది. నలభై ఒకటి దగ్గర నోరు తెరిచి గట్టిగా గాలి పీల్చాడు.

అత్త తాడు వదల్లేదు.

"ఒరే ఇమలా," అంది నెమ్మదిగా, "పిల్ల ములిగిపోయిందిరా."

ఆయన బోల్టుకేసే చూస్తూ, తలెత్తకుండా, "స్పానర్ తే," అన్నాడు.

తెచ్చిచ్చాను. నట్లు ఒక్కొక్కటే తిప్పి తీశాడు. "కొత్తది కొనుక్కోమను. అదొచ్చేదాకా నీళ్ళలో దిగొద్దను." నట్లు జేబులో వేసుకుని, "భయమేసే కదా సేసేను, ఫ్లోరా," అన్నాడు.

"తెలుసండీ."

నిజంగానే తెలుసు. ఆ భయం మీద నాకు జాలి ఉంది. అది జాలిపడేంత పెద్దదే. కానీ అది ఆయన భయం. ఇన్నేళ్ళూ నేను దాన్ని నా కాలికి కట్టుకు తిరిగాను.

ఆయన పక్కనే మెట్టు మీద కూర్చుని ఫోను తీశాను. ఆ చుక్క ఆపడానికి ఎక్కడ నొక్కాలో ప్రవీణ వచ్చిన రోజే చూపించింది. నేనే నాలుగు రోజులుగా వాయిదా వేస్తున్నాను. నొక్కాను. ఆయన జేబులో ఫోను టింగుమంది. తీసి చూసుకున్నాడు.

"ఇదేటి? నువ్వు కనిపించటం లేదు."

"పక్కనే ఉన్నాను కదా," అన్నాను. "ఇకమీదట ఎక్కడున్నానో అడగండి, చెప్తాను."