నాది కాని లైను

కాఫీ తాగిన గ్లాసు ఆయనే కడిగారు. నా అనుమానం అక్కడే మొదలైంది. మా ఆయన అనిల్ కుమార్‌కి ఇంట్లో కొళాయి ఎటు తిప్పాలో కూడా తెలీదు.

"భవానీ, రంగుల వేరియబుల్స్ ఇక బ్రౌజర్లోనే ఉండేలా కొత్త పద్ధతొస్తోందంట. అప్పుడు మధ్యలో నీ ఫైలు అక్కర్లేదు కదా?" అన్నారు.

అమలాపురంలో మా ఇంటర్నెట్ సెంటర్ బోర్డు మీద ఆయన పేరుంటుంది. వంట ముగించుకుని వెనక గదిలో వెబ్‌సైట్లు చేసేది నేను. "కుర్చీలో కూచునేదీ ఓ పనేనా?" అంటారు మా అత్తగారు. నా పని గురించి ఈయన ఇన్నాళ్లూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఇవాళెందుకు?

ఆయనన్న ఆ ఫైలుని నేను సాస్ అనే భాషలో రాస్తాను. రంగుకి వేరియబుల్‌గా ఒక పేరు పెట్టి, ఆ ఒక్కచోట మార్చి కంపైల్ చేస్తే, అంటే బ్రౌజర్‌కి అర్థమయ్యేలా మారిస్తే, పేజీ రంగూ రూపూ చెప్పే స్టైల్ షీటంతా కొత్తగా తయారవుతుంది. తయారైన షీటులో ఆ పేర్లుండవు, రంగుల నంబర్లే ఉంటాయి. కొత్త పద్ధతిలో పేర్లు పేజీలోనే బతికుంటాయి, అక్కడికక్కడే మార్చుకోవచ్చు. 2009 నాటికి అదింకా ప్రయోగమే. నిజానికి నాకది నచ్చింది. మరి ఆయన నోట వింటే భయమెందుకేసింది?

కొబ్బరి పీచు వ్యాపారి రాఘవులు గారికి నేను చేసిన సైటు షీటుని సర్వర్లో తెరిచాను. అట్టడుగున నేను రాయని లైనొకటి ఉంది. పేజీ కింద ఉండే "రూపకల్పన: దుర్గాభవాని" అన్న మాటల్ని కనపడకుండా దాచే లైను.

మా పుట్టింట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. పడవ నడిపే నాన్న ఓసారి సెంటర్‌కొచ్చి, స్క్రీన్ మీద ఆ పేరుని వేలితో తడిమి చూసుకున్నాడు.

నేను కంపైల్ చేసినప్పుడల్లా ఆయన లైను చెరిగిపోయి నా పేరు బయటపడేది. ఆయన మళ్లీ రాసేవారన్నమాట. అందుకా నా ఫైలు అడ్డమైంది!

"ఇది మీరు రాసేరాండీ?"

ఆయన తడబడలేదు. "రాఘవులు గారే అన్నారు, ఆడపేరుంటే బేరాలు రావని. అయినా ఇంటి పనికి పేరెందుకే?"

ఆ రాఘవులు గారే సరిగ్గా అప్పుడు ఫోన్ చేశారు. ఆయన గొంతు గదంతా వినపడుతుంది.

"అనిల్ గారూ, సైటుకి ఆకుపచ్చ తీసి పసుపు రంగెట్టించండి. సాయంత్రం పార్టీ వొస్తన్నారు. మొన్న అడుగున అమ్మాయిగారి పేరుండేదండీ, ఇప్పుడు లేదేంటి? ఆవిడ చేతే చేయించండే!"

"ఆయ్, ఇప్పుడే అయిపోద్దండీ," అని ఫోన్ పెట్టేసి, నా మొహం చూడకుండా, "కానీ మరి, నీకు చిటికెలో పని," అన్నారు.

నేను లేచి, కుర్చీ ఆయన వైపు తిప్పాను.

"ముందు మీరు రాసిన లైను మీ చేత్తోనే తీసెయ్యండి. అది తీసేదాకా పసుపు రాదండీ."