ఎర్ర దారం

"దీంతో తీగ కత్తిరించారు! ఎవరది? నోరు విప్పరేం?"

యజమాని చేతిలో పల్చని కట్టర్ ఊగుతోంది. దాని అంచు మీద గోటి గాటంత సొట్ట. దుకాణంలోకెల్లా ఖరీదైన పనిముట్టు అది. మోడల్ కిట్లలోని ప్లాస్టిక్ ముక్కలు తప్ప మరేదీ దాని నోట పడకూడదు.

బల్ల దగ్గర ఇద్దరే ఉన్నారు. ఇరవై ఆరేళ్లుగా ముక్కలు కత్తిరించి బొమ్మలు అతికే కట్టర్ మామ, వాటికి రంగులు వేసే అక్క.

"నిన్న స్టాండ్లకు తీగలు తెంపింది నువ్వే కదక్కా," అన్నాడు యజమాని.

"మొద్దు కట్టర్‌తోనే తెంపానయ్యా! నాకు కళ్లు లేవా?"

"పల్చనిదాంతో లోహం కోసినవాళ్లు బల్ల దిగాలి. నేను పెట్టిన నియమం కాదు, మామ పెట్టిందే."

నిజమే. ఆ నియమం కిందే మామ సొంత బావమరిదిని ఇంటికి పంపాడు. భార్య నెల రోజులు మాట్లాడలేదు.

"సాయంత్రానికి తేలుస్తాను," అన్నాడు మామ. "అందాకా అక్కను ఒక్క మాట అనొద్దు."

ఆ కట్టర్, భూతద్దం తీసుకుని కూర్చున్నాడో లేదో, కట్టర్ కావాలంటూ ఒకావిడ వచ్చింది. పని పక్కన పెట్టి చెప్పాడు. "కట్టర్ నోరు మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. మధ్యలో వెలుగు గీత కనబడితే తీసుకోవద్దు. రెండు కొనండి. ఫ్రేమ్ నుంచి ముక్క ఊడదీయడానికి మొద్దుది, ముక్క అంచున మిగిలిన మొలక కోయడానికి పల్చనిది. పల్చనిదాని పిడికి ఎర్ర దారం చుట్టుకోండి, మారిపోకుండా ఉంటుంది."

"చూస్తే తెలిసిపోతుందిగా, దారమెందుకండీ?"

మామ తన ముందున్న సొట్ట కట్టర్ పిడి తడిమాడు. దారం పోయిన వారం ఊడిపోయింది. రేపు చుడదాం, రేపు చుడదాం అనుకుంటూనే ఉన్నాడు.

ఆవిడ వెళ్లగానే కిటికీలోని ఓడ బొమ్మను దించాడు. దాని రెయిలింగు నిన్న తానే ఇత్తడి తీగతో కట్టాడు. కత్తిరించిన కొసలన్నీ భూతద్దం కింద ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. మొదటి ఎనిమిది నున్నగా ఉన్నాయి. తొమ్మిదో కొస నుంచి ప్రతిదాని మీదా ఒక సన్నని గీర. కట్టర్ సొట్టను ఆ గీర మీద ఆనించాడు. అతికినట్టు సరిపోయింది.

బొమ్మను జాగ్రత్తగా యథాస్థానంలో పెట్టాడు. తర్వాత బీరువాలోంచి కొత్త కట్టర్ల పెట్టె తెచ్చాడు.

"అక్కా, వెలుతురుకు పెట్టి చూడు. గీత ఉందా?"

"సన్నగా ఉంది."

"పక్కన పెట్టు. ఇది?"

ఆరోదానికి ఆమె లేదంది. మామ దాంతో ఒక ముక్క కోయించాడు. పదును తక్కువైతే పడే తెల్లమచ్చ కోసినచోట పడలేదు.

"ఇది నీది. రేపటి నుంచి ముక్కలు కూడా నువ్వే కోయాలి."

ఆమె అతని కళ్లలోకి చూసింది. "మామా, నీకు ఆ గీత కనబడటం లేదా?"

మామ ఖాళీ టిఫిన్ డబ్బా సర్దుకున్నాడు. ఆప్రాన్ విప్పి, నలుచదరంగా మడిచి, కుర్చీ మీద పెట్టాడు.

యజమాని లోపలి నుంచి వచ్చాడు. "తేలిందా మామా? ఎవరు?"

"నేనే," అన్నాడు మామ. గట్టిగా, దుకాణమంతా వినబడేలా అన్నాడు. "తొమ్మిదో తీగ దగ్గర."

ఎవరూ ఆపేలోగా గుమ్మం దాటేశాడు.

బల్ల మీద అతను ఏరించి పెట్టిన కొత్త కట్టర్ మిగిలింది. దాని పిడికి దారం లేదు. అక్క కళ్లకు అది అక్కర్లేదు.